డీఎస్పీ చిప్‌లో పాలినామియల్ లెక్క: వేగంగా, తప్పు రాకుండా ఎలా చేయాలి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, అనంతపురం, కర్నూలు, కడప పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "సోలార్ పంపు ఇన్వర్టర్ చేస్తున్నాం సార్. ల్యాప్‌టాప్‌లో సైన్ వేవ్ బ్రహ్మాండంగా వస్తోంది. బోర్డులోకి ఎక్కిస్తే ఇంటరప్ట్ టైములో లెక్క పూర్తి కావట్లేదు." (ఇంటరప్ట్ అంటే నిర్ణీత వ్యవధికోసారి చిప్ మిగతా పని ఆపి ఈ లెక్క చేసే సందర్భం.) ఇంకొందరిది వేరే బాధ. టైము సరిపోతుంది గానీ వేవ్ కొసన ముల్లు లాంటిది ఒకటి పొడుచుకొస్తుంది. అడిగేవాళ్లు మారుతున్నారు, ప్రశ్న మాత్రం మారట్లేదు. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను.

మామూలు డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) చిప్‌కు సైన్ తెలియదు, లాగరిథమ్ తెలియదు. దానికి బాగా వచ్చినవి గుణకారం, కూడిక. ఈ రెండూ కలిపి ఒకే దెబ్బకు చేసే మ్యాక్ ఇన్‌స్ట్రక్షన్ కోసమే ఆ చిప్‌ను తయారుచేశారు. కాబట్టి సైన్ అయినా, థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్) వంపు అయినా, సెన్సర్ సవరణ అయినా ముందు పాలినామియల్‌గా, అంటే ఎక్స్, ఎక్స్², ఎక్స్³ లాంటి ఘాతాలను ఒక్కో అంకెతో గుణించి కూడిన మొత్తంగా మార్చుకుని, గుణకారాలూ కూడికలతోనే గట్టెక్కాలి. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు.

పాలినామియల్ లెక్కించే పద్ధతులు రెండున్నాయి, హార్నర్, ఎస్ట్రిన్. చాలామంది నేరుగా "హార్నర్ మంచిదా, ఎస్ట్రిన్ మంచిదా" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్న ఆరో మెట్టులో వస్తుంది. దానికన్నా ముందు తేల్చాల్సినవి ఇన్‌పుట్ హద్దులు, కోఎఫిషియంట్లు (ఘాతాల ముందుండే గుణకాలు), నంబరు ఫార్మాట్. ఈ మూడింట్లో తప్పు చేస్తే ఆ తర్వాత ఎంత వేగంగా లెక్కించినా వచ్చేది తప్పు జవాబే.

కావలసినవి

- మీ చిప్ ఇన్‌స్ట్రక్షన్ గైడ్. అందులో గుణకారానికి, కూడికకు ఎన్ని సైకిళ్లో ఉంటుంది. దాన్ని చూడకుండా పని మొదలుపెట్టకండి.
- పైథాన్, నమ్‌పై ఉన్న కంప్యూటర్. సైలాబ్, ఆక్టేవ్ అయినా పర్వాలేదు, అన్నీ ఉచితమే.
- కంపైలర్, బోర్డు. కాలేజీ ల్యాబులో కనిపించే సీ6713 కిట్ అయినా, సీ2000 లాంచ్‌ప్యాడ్ అయినా, ఎస్టీఎమ్32ఎఫ్4 బోర్డు అయినా సరే.
- ఆసిలోస్కోప్. ల్యాబులో ఒక గంట అడిగి తీసుకోండి.
- టైము బడ్జెట్ రాసుకున్న కాగితం. 10 కిలోహెర్ట్జ్ ఇంటరప్ట్ అంటే చేతిలో ఉన్నది 100 మైక్రోసెకండ్లు. సీ2000 కుటుంబంలోని 150 మెగాహెర్ట్జ్ ఎఫ్28335లో అది 15,000 సైకిళ్లు, 60 మెగాహెర్ట్జ్ చిప్‌లో 6,000. ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) చదవడం, ఎంపీపీటీ (సోలార్ ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ రాబట్టే లెక్క), ప్రొటెక్షన్ అన్నీ ఆ లోపలే అయిపోవాలి. త్రీ ఫేజ్ మోటారు అయితే సైన్ మూడుసార్లు లెక్కించాలి.

1. ఇన్‌పుట్ ఏ హద్దుల మధ్య తిరుగుతుందో తేల్చండి

ఇన్వర్టర్ హీట్‌సింక్ మీద థర్మిస్టర్ పెట్టారనుకుందాం. డేటాషీట్‌లో టేబుల్ సున్నా కింద 40 డిగ్రీల నుంచి ఉంటుంది. మొత్తం టేబుల్‌కు వంపు అతికిస్తారు మనవాళ్లు. కళ్యాణదుర్గం దగ్గర చీనీ తోటలో, బోరు పక్కన ఎండలో నిలబడ్డ డబ్బాలో ఉష్ణోగ్రత సున్నా కిందికి ఎప్పుడు పోతుంది? డిసెంబరు తెల్లవారుజామున కూడా పోదు. మీకు కావలసింది 10 నుంచి 110 డిగ్రీల దాకా. ఆ ముక్కకే అతికిస్తే తక్కువ డిగ్రీ పాలినామియల్‌తోనే (డిగ్రీ అంటే ఇక్కడ అందులోని అతి పెద్ద ఘాతం) ఎక్కువ ఖచ్చితత్వం వస్తుంది. గుణకారాలు ఆదా చేయడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

హద్దులు తేలాక ఇన్‌పుట్‌ను −1 నుంచి +1 మధ్యకు కుదించండి. ఏడీసీ విలువ 0 నుంచి 4095 దాకా ఉంటే, అందులోంచి మధ్య విలువ తీసేసి సగం వెడల్పుతో భాగించాలి. భాగహారం బోర్డులో చేయొద్దు. ఆ సగం వెడల్పు విలోమాన్ని ముందే లెక్కించి గుణించండి. కుదించకుండా 4095ను అయిదో ఘాతానికి తీసుకెళ్తే దాదాపు 1.15 × 10¹⁸ వస్తుంది. దాన్ని అతి చిన్న కోఎఫిషియంట్‌తో గుణించి మళ్లీ మామూలు విలువకు తేవాలి. ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే 32 బిట్ల రూపం) నిలిచేది 24 బిట్ల ఖచ్చితత్వం మాత్రమే, ఈ లాగుడులో చివరి అంకెలు రాలిపోతాయి.

హెచ్చరిక: హద్దు దాటితే పాలినామియల్ ఎటు పరిగెడుతుందో చెప్పలేం. థర్మిస్టర్ వైరు ఊడిపోతే ఏడీసీ తన హద్దు కొసన ఉన్న విలువ (0 లేదా 4095) చూపిస్తుంది, మీ లెక్క దాన్ని 37 డిగ్రీలని చెప్పినా చెప్పొచ్చు. లెక్కలోకి పంపే ముందే ఇన్‌పుట్‌ను హద్దు దగ్గర ఆపండి. హద్దు దాటిన సంగతి ఒక ఫ్లాగ్‌లో పెట్టండి.

2. కోఎఫిషియంట్లు సరైన చోటు నుంచి తెచ్చుకోండి

టేలర్ సిరీస్ వాడకండి. అది సున్నా దగ్గర అద్భుతంగా ఉంటుంది, అంచుకు పోయేకొద్దీ చెడిపోతుంది. ఒక్క ఉదాహరణ చాలు. ఎక్స్ విలువ −1 నుంచి +1 దాకా తిరుగుతున్నప్పుడు, 90 డిగ్రీలను ఎక్స్‌తో గుణిస్తే వచ్చే కోణానికి సైన్ కావాలి. అయిదో డిగ్రీ టేలర్ ఇలా ఉంటుంది:

1.5707963 ఎక్స్ − 0.6459641 ఎక్స్³ + 0.0796926 ఎక్స్⁵

ఎక్స్ = 1 పెట్టి చూడండి. 1.0045 వస్తుంది. రావలసింది 1. ఇప్పుడు అదే డిగ్రీలో, తప్పును హద్దు మొత్తం సమానంగా పరిచిన కోఎఫిషియంట్లు చూడండి. ఇంజనీర్లు 1950ల నుంచీ వాడుతున్న సెట్ ఇది:

1.5706268 ఎక్స్ − 0.6432292 ఎక్స్³ + 0.0727102 ఎక్స్⁵

ఎక్స్ = 1 దగ్గర 1.000108. హద్దులో ఇంకెక్కడ చూసినా తప్పు దాదాపు ఇంతకు మించదు. గుణకారాలు అవే, తప్పు మాత్రం 40 రెట్లు తగ్గింది. ఇలాంటి సెట్‌ను మినిమ్యాక్స్ అంటారు.

మీ సొంత వంపుకు కావాలంటే సొల్యా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మినిమ్యాక్స్ నేరుగా ఇస్తుంది. పైథాన్‌లో దగ్గరి దారి ఉంది. పాయింట్లను సమాన దూరంలో తీసుకోకుండా చెబిషేవ్ పాయింట్లు తీసుకోండి. 20 పాయింట్లు అనుకుంటే, 4.5 డిగ్రీలు, 13.5 డిగ్రీలు, 22.5 డిగ్రీలు... అలా తొమ్మిదేసి డిగ్రీలు పెంచుకుంటూ 175.5 దాకా వెళ్లి ఒక్కోదాని కొసైన్ తీయండి. ఆ విలువలు −1, +1 అంచుల దగ్గర చిక్కగా, మధ్యలో పలచగా ఉంటాయి. వాటి దగ్గర లీస్ట్ స్క్వేర్స్ అతికిస్తే మినిమ్యాక్స్‌కు చాలా దగ్గరగా వస్తుంది. సైన్ లాంటి బేసి ఫంక్షన్ అయితే ఎక్స్, ఎక్స్³, ఎక్స్⁵ వరసలు మాత్రమే ఇవ్వండి. సరి ఘాతాలు ఇస్తే వాటికీ ఏవో చిన్న అంకెలు వచ్చి అనవసరపు పని పెరుగుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంత ఎక్సెల్ ట్రెండ్‌లైన్. గ్రాఫ్ మీద కనిపించే సమీకరణంలో అంకెలు కుదించి చూపిస్తుంది. 0.0000358217 ఉన్నచోట 4ఈ−05 అని కనిపించొచ్చు. దాన్ని చూసి రాసుకుంటే ఒక్క కోఎఫిషియంట్‌లోనే పది శాతం పైగా తేడా. ఎక్సెలే వాడాలంటే లైనెస్ట్ ఫంక్షన్ వాడండి, లేదా ఆ లేబుల్ ఫార్మాట్‌ను సైంటిఫిక్‌కు మార్చి 15 దశాంశాలు పెట్టండి.

ఎంత డిగ్రీ కావాలి? మీ ఫార్మాట్ పట్టుకోగలిగినంతే. సైన్‌కు ఏడో డిగ్రీ మినిమ్యాక్స్ తీసుకుంటే తప్పు పది లక్షల్లో ఒక వంతు దగ్గరికి దిగుతుంది. కానీ కింద మనం వాడబోయే 16 బిట్ల ఫార్మాట్‌లో అతి చిన్న మెట్టే 0.000061. ఆ అదనపు ఖచ్చితత్వం అందులో నిలవదు, గుణకారం వృథా.

3. ఘాతాలు విడివిడిగా లెక్కించకండి, హార్నర్ రూపంలోకి మార్చండి

ఘాతాలు లెక్కించే పవర్ ఫంక్షన్‌ను ఇంటరప్ట్‌లో పిలవడం మానేయండి. ఒక్కో పిలుపు వందల సైకిళ్లు మింగేస్తుంది. పై సైన్‌ను లూప్ లేకుండా విడివిడిగా గుణించుకుంటూ పోయినా 1 + 3 + 5, మొత్తం 9 గుణకారాలు. ఇలా రాస్తే నాలుగే (సీ1, సీ3, సీ5 అంటే ఎక్స్, ఎక్స్³, ఎక్స్⁵ కోఎఫిషియంట్లు):

యూ = ఎక్స్ × ఎక్స్
టీ = సీ5
టీ = సీ3 + యూ × టీ
టీ = సీ1 + యూ × టీ
వై = ఎక్స్ × టీ

పెద్ద ఘాతం కోఎఫిషియంట్ నుంచి మొదలుపెట్టి లోపల్నుంచి బయటికి రావడమే హార్నర్ పద్ధతి. హార్నర్ దీన్ని ప్రచురించింది 1819లో. అంతకు చాలా ముందే, 1247లోనే, చైనాలో చిన్ జియుషావ్ ఇదే లెక్క చేశాడు. కోఎఫిషియంట్లను ముందుగా వేరే రూపంలోకి మార్చుకోకుండా, ఏ పాలినామియల్‌కైనా పనికొచ్చే పద్ధతి కావాలంటే ఇంతకన్నా తక్కువ గుణకారాలతో కుదరదని 1966లో విక్టర్ పాన్ నిరూపించాడు. కాబట్టి గుణకారాల సంఖ్య ఇంకా తగ్గించాలని రాత్రుళ్లు కూర్చోవద్దు. ఇక మిగిలిన ఆదా అంతా చిప్ స్వభావంలో ఉంది.

4. నంబరు ఫార్మాట్ ఎంచుకోండి

చిప్‌లో ఫ్లోట్ హార్డ్‌వేర్ ఉంటే ఫ్లోట్ వాడండి, సగం టెన్షన్ పోతుంది. ఎఫ్28335, సీ6713, ఎస్టీఎమ్32ఎఫ్4 మూడింట్లోనూ ఉంది. ఒక జాగ్రత్త: ఎస్టీఎమ్32ఎఫ్4లో ఉన్నది సింగిల్ ప్రిసిషన్ మాత్రమే. 1.5706268 అని వట్టిగా రాస్తే సీ భాషలో అది డబుల్, అంటే రెట్టింపు ఖచ్చితత్వపు అంకె. లెక్క మొత్తం డబుల్‌కు ఎక్కి, సాఫ్ట్‌వేర్‌లో నత్తనడక నడుస్తుంది. అంకె చివర ఎఫ్ అక్షరం పెట్టండి. జీసీసీలో డబుల్ ప్రమోషన్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే ఎక్కడెక్కడ మర్చిపోయారో అదే చూపిస్తుంది.

ఫ్లోట్ లేని చిప్ అయితే ఫిక్స్‌డ్ పాయింట్, అంటే దశాంశ సంఖ్యను ఒక స్థిర సంఖ్యతో గుణించి పూర్ణాంకంగా దాచడం. అందరూ అలవాటుగా క్యూ15 (32768తో గుణించి 16 బిట్లలో దాచే ఫార్మాట్) తీసుకుంటారు. క్యూ15లో −1 నుంచి 1కి ఒక్క మెట్టు తక్కువ దాకానే పడుతుంది. మన సీ1 1.57, అది పట్టదు. అందుకే క్యూ14 తీసుకుందాం, అంటే ప్రతి అంకెనూ 16384తో గుణించి దగ్గరి పూర్ణాంకానికి సవరించడం:

సీ1 = 25733
సీ3 = −10539
సీ5 = 1191

క్యూ14 విలువలు రెండు గుణిస్తే క్యూ28 వస్తుంది. మళ్లీ క్యూ14కు తేవడానికి 14 బిట్లు కుడికి జరపాలి. జరిపే ముందు 8192 కలపండి, అది రౌండింగ్. కలపకపోతే ప్రతిసారీ విలువ కిందికే తెగుతుంది, నాలుగు గుణకారాల్లో ఆ తేడాలు పోగవుతాయి.

చేత్తో ఒకసారి చేసి చూద్దాం. ఎక్స్ = 0.5, అంటే 8192.

యూ = 8192 × 8192, 14 బిట్లు జరిపితే 4096.
1191 × 4096, రౌండ్ చేసి జరిపితే 298. దానికి సీ3 కలిపితే −10241.
−10241 × 4096, రౌండ్ చేసి జరిపితే −2560. దానికి సీ1 కలిపితే 23173.
23173 × 8192, రౌండ్ చేసి జరిపితే 11587.

45 డిగ్రీల సైన్ 0.70710678. దాన్ని 16384తో గుణిస్తే 11585.24. మనకు వచ్చింది 11587, ఎక్కువైంది రెండు మెట్ల లోపు. మీ కోడ్ కూడా 11587 ఇవ్వాలి. 11586 గానీ 11585 గానీ వస్తే రౌండింగ్ ఎక్కడో తప్పింది. ఇంకో రెండు విలువలు సరిచూసుకోండి: 4096 ఇస్తే 6270, 12288 ఇస్తే 15137.

ఇప్పుడు ఆ ముల్లు సంగతి. ఎక్స్ = 16384, అంటే సరిగ్గా 1 ఇవ్వండి. 1191 నుంచి 10539 తీస్తే −9348. దానికి 25733 కలిపితే 16385. జవాబు 16385, ఒకటి కన్నా ఒక మెట్టు ఎక్కువ. ఇక్కడిదాకా ప్రమాదం లేదు. కానీ పీడబ్ల్యూఎమ్ (పల్స్ వెడల్పు మార్చి వేవ్ తయారుచేసే పద్ధతి) కోడ్‌కు క్యూ15 కావాలని దీన్ని ఒక బిట్ ఎడమకు జరుపుతారు. 32770 అవుతుంది. 16 బిట్ల సైన్డ్ విలువలో 32770కి చోటు లేదు, చిప్ దాన్ని −32766గా చదువుతుంది. సైన్ సరిగ్గా శిఖరం మీదున్న క్షణంలో డ్యూటీ (పల్స్ ఆన్‌లో ఉండే వాటా) ఒక్కసారిగా అడుక్కి పడిపోతుంది. మరుసటి శాంపిల్‌కు మళ్లీ పైకి. స్కోప్‌లో వేవ్ కొసన నిలువుగా దిగే సూది ఇదే. అపోజిట్ సైడు కూడా అంతే, −16385 కాస్తా +32766 అవుతుంది. పంపు స్పీడు మార్చేకొద్దీ శాంపిల్ శిఖరం మీద పడొచ్చు, పక్కన పడొచ్చు. అందుకే ఆ సూది ఒకసారి కనబడి, ఇంకోసారి మాయమవుతుంది. చాలామంది దీన్ని వైరింగ్ నాయిస్ అనుకుని కెపాసిటర్లు మారుస్తూ కూర్చుంటారు.

మందు: జరిపే ముందు విలువను −16384, +16383 మధ్య ఆపండి. చిప్‌లో శాచురేషన్ మోడ్ (హద్దు దాటిన విలువను హద్దు దగ్గరే ఆపేది) ఉంటే అది ఆన్ చేసినా సరే. లేదా చివరిదాకా క్యూ14లోనే ఉండి, పీడబ్ల్యూఎమ్ పీరియడ్‌తో 32 బిట్లలో గుణించండి. నేనైతే ఈ చివరిదే చేయమంటాను, ఒక షిఫ్ట్ కూడా తగ్గుతుంది.

ఇంకో చిన్న విషయం. −8192 ఇస్తే −11587 రాదు, −11586 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర రౌండింగ్ పైకే పోవడం వల్ల ఇది. అంతా కలిపితే వేవ్‌లో అతి సన్నని డీసీ భాగం చేరుతుంది. మోటారుకు ఇది లెక్కలోది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపే ఇన్వర్టర్ అయితే విలువ పరిమాణంతో లెక్కించి, గుర్తును చివర్లో పెట్టండి.

5. కోణాన్ని మడవండి

కోణం కోసం ఫేజ్ అక్యుములేటర్ పెట్టుకోండి. ఒక పూర్తి చుట్టును 2³²గా అనుకుని 32 బిట్ల కౌంటర్. 10 కిలోహెర్ట్జ్ దగ్గర 50 హెర్ట్జ్ కావాలంటే ప్రతి ఇంటరప్ట్‌కు 21474836 కలపాలి. కౌంటర్ దానంతట అదే చుట్టు తిరిగి వస్తుంది, 360 దాటిందా అని చూసే పని లేదు. 16 బిట్ల కౌంటర్ పెడితే కలపాల్సింది 327.68, దాన్ని 328 చేయాలి, అప్పుడు ఫ్రీక్వెన్సీ 50.05 అవుతుంది.

పై 16 బిట్లను సైన్డ్ విలువగా తీసుకోండి, దాన్ని పీ అందాం. అది −32768 నుంచి 32767 దాకా, అంటే −180 డిగ్రీల నుంచి 180 దాకా. పీ పైన ఉన్న రెండు బిట్లూ వేరువేరుగా ఉంటే కోణం 90 దాటిందని అర్థం. అప్పుడు 32768 నుంచి పీని తీసేసి, వచ్చినదాంట్లో కింది 16 బిట్లే ఉంచండి. ఇప్పుడు పీ −16384, +16384 మధ్యే ఉంటుంది. అదే క్యూ14లో −1 నుంచి +1. ఇక ఏ మార్పూ లేకుండా నేరుగా ఎక్స్ స్థానంలో పెట్టేయొచ్చు. దీన్ని క్యూ15కు పెంచితే 90 డిగ్రీల దగ్గర 32768 వచ్చి ఓవర్‌ఫ్లో అవుతుంది, క్యూ14 తీసుకోవడానికి ఇది రెండో కారణం.

6. చిప్‌కు తగ్గట్టు రాయండి

సీ54ఎక్స్ కుటుంబంలో పాలీ అనే ఇన్‌స్ట్రక్షనే ఉంది. గుణించి, కూడి, రౌండ్ చేసి, తర్వాతి కోఎఫిషియంట్‌ను తెచ్చిపెట్టడం అంతా ఒకేసారి చేస్తుంది. రిపీట్‌తో వాడితే ఒక్కో డిగ్రీకి ఒక సైకిల్. హార్నర్ కోసమే పుట్టిన ఇన్‌స్ట్రక్షన్ అది. పాత చిప్ అని తీసిపారేయకండి.

సీ2000 వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ ఇంట్ అంటే 16 బిట్లు. ల్యాప్‌టాప్‌లో 8192ను 8192తో గుణిస్తే 67108864. అదే కోడ్ సీ2000లో సున్నా ఇస్తుంది, ఎందుకంటే కింది 16 బిట్లే మిగులుతాయి, అవన్నీ సున్నాలు. గుణించే ముందే ఒక విలువను 32 బిట్లకు మార్చాలి. గుణించాక మారిస్తే లాభం లేదు. "ల్యాప్‌టాప్‌లో కరెక్టే, బోర్డులోనే తప్పు" అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. అక్కడే ఇంకో తిరకాసు: కంపైలర్ అవుట్‌పుట్‌కు పాత కాఫ్ ఫార్మాట్ పెడితే డబుల్ అంటే 32 బిట్లు, ఈఏబీఐ ఫార్మాట్‌లో 64. సెట్టింగ్ మారితే వేగం మారిపోతుంది.

ఇక సీ6713. ఇక్కడే హార్నర్, ఎస్ట్రిన్ ప్రశ్న నిజంగా వస్తుంది. ఈ చిప్‌లో ఫ్లోట్ గుణకారం జవాబు చేతికి రావడానికి 4 సైకిళ్లు, కూడికకు 4. హార్నర్‌లో ప్రతి మెట్టూ ముందు మెట్టు జవాబు కోసం ఎదురుచూడాలి. ఏడో డిగ్రీకి 7 × 8, మొత్తం 56 సైకిళ్లు. బండి ఖాళీగా నిలబడి ఉండే టైమే ఎక్కువ. ఎస్ట్రిన్ 1960లో చెప్పిన పద్ధతిలో జతలు కట్టి పక్కపక్కన లెక్కిస్తాం:

ఏ = సీ0 + సీ1 × ఎక్స్
బీ = సీ2 + సీ3 × ఎక్స్
డీ = సీ4 + సీ5 × ఎక్స్
ఈ = సీ6 + సీ7 × ఎక్స్
యూ = ఎక్స్ × ఎక్స్, వీ = యూ × యూ
వై = (ఏ + బీ × యూ) + వీ × (డీ + ఈ × యూ)

గుణకారాలు 7 నుంచి 9కి పెరిగాయి. అయినా ఎదురుచూసే మెట్లు మూడే కాబట్టి నికరంగా 24 సైకిళ్లు, యూనిట్ల ఖాళీని బట్టి ఇంకో రెండు మూడు. సగం కన్నా తక్కువ.

కానీ మీకు ఒక్క విలువ కాకుండా 256 శాంపిల్స్ బ్లాక్ ఒకేసారి లెక్కించాల్సి ఉంటే హార్నరే గెలుస్తుంది. ఒక శాంపిల్ జవాబు కోసం ఆగే టైములో చిప్ తర్వాతి శాంపిల్స్ మొదలుపెడుతుంది. కంపైలర్ ఆ పని చేయాలంటే లూప్ లోపల ఫంక్షన్ కాల్ ఉండకూడదు, పాయింటర్లకు రెస్ట్రిక్ట్ పెట్టాలి. అప్పుడు తక్కువ గుణకారాలున్న పద్ధతే లాభం. కాబట్టి ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇది: ఒక్క విలువ తొందరగా కావాలా, చాలా విలువలు కలిపి తొందరగా కావాలా?

ఎస్టీఎమ్32ఎఫ్4లో గుణించి కూడే ఫ్లోట్ ఇన్‌స్ట్రక్షన్‌కు 3 సైకిళ్లు, విడివిడిగా గుణకారం, కూడిక ఒక్కొక్కటి. ఇక్కడ మామూలు హార్నర్ చాలు, ఎస్ట్రిన్‌తో ఒరిగేది పెద్దగా ఉండదు.

అసలు పాలినామియలే వద్దనుకునే సందర్భాలూ ఉన్నాయి. ఎఫ్28379డీలో టీఎమ్‌యూ అనే హార్డ్‌వేర్ సైన్‌ను కొన్ని సైకిళ్లలోనే ఇచ్చేస్తుంది, అది ఉంటే అదే వాడండి. మెమరీ ఉంటే పూర్తి చుట్టుకు 256 విలువల టేబుల్ పెట్టి మధ్యలో సరళరేఖ లాగినా తప్పు 0.000075 దగ్గరే, అంటే మన అయిదో డిగ్రీకి సరిసమానం. సైన్ ఒక్కటే కావాలంటే టేబుల్ పెట్టుకోవడంలో తప్పేం లేదు. అయిదారు సెన్సర్లకు వేరువేరు వంపులుంటే అన్ని టేబుళ్లు మోయడం కష్టం. అక్కడ పాలినామియల్‌కు నాలుగైదు కోఎఫిషియంట్లతో సరిపోతుంది.

7. సరిచూసుకోండి

నాలుగైదు విలువలు చూసి సరిపోయిందనుకోవద్దు. 16 బిట్ల ఇన్‌పుట్‌కు ఉండేవి 65,536 విలువలే. అన్నీ చూడండి, ల్యాప్‌టాప్‌లో రెప్పపాటు పని.

మొదట ల్యాప్‌టాప్‌లో పూర్ణాంకాలతోనే, బోర్డులో ఎలా ఉందో అలాగే నమూనా రాయండి. షిఫ్టులు, రౌండింగ్, 16 బిట్ల కోత అన్నీ దింపేయాలి. పక్కన డబుల్‌లో అసలు సైన్ లెక్కించి తేడా తీయండి. గరిష్ఠ తేడా ఎంత, అది ఏ పీ దగ్గర వచ్చింది, రెండూ రాసుకోండి. పై సెట్‌తో క్యూ14లో గరిష్ఠ తేడా 4 మెట్లు దాటకూడదు. ఎక్కడైనా వేలల్లో తేడా వస్తే అది ఓవర్‌ఫ్లో. హద్దు మొత్తం పదుల్లో ఉంటే కోఎఫిషియంట్ తప్పు రాసుకున్నారు. 90 డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే తేడా ఉంటే మడత తప్పింది.

తర్వాత బోర్డు. అదే 65,536 ఇన్‌పుట్లు లూప్‌లో నడిపి జవాబులన్నీ కూడి, ఆ మొత్తాన్ని ల్యాప్‌టాప్ మొత్తంతో పోల్చండి. ప్రతి జవాబునూ దాని వరస సంఖ్యతో గుణించి కూడితే ఇంకా మంచిది, ఒకదాని తప్పును ఇంకొకటి కప్పెట్టే అవకాశం తగ్గుతుంది. ఒక్క బిట్ తేడా వచ్చినా వదిలేయొద్దు. ఫిక్స్‌డ్ పాయింట్‌లో రెండు చోట్లా ఒకే జవాబు రావాలి. ఫ్లోట్ అయితే గుణించి కూడే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కసారే రౌండ్ చేస్తుంది కాబట్టి చివరి బిట్‌లో తేడా రావడం మామూలే.

టైము కొలిచేటప్పుడు ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉండాలి. డీబగ్ సెట్టింగ్‌లో కొలిచి "హార్నర్ స్లో" అని తేల్చేయకండి. ఇంటరప్ట్ మొదట్లో ఒక పిన్ పైకి, చివర్లో కిందికి తెచ్చి స్కోప్‌లో పల్స్ వెడల్పు చూడండి. ఎస్టీఎమ్32ఎఫ్4లో సైకిల్ కౌంటర్ రిజిస్టర్ ఉంది, అదైనా సరే. సగటు చూడొద్దు, గరిష్ఠం చూడండి. ఎఫ్28335లో కోడ్ ఫ్లాష్ నుంచి నడుస్తుంటే వెయిట్ స్టేట్స్ (మెమరీ కోసం చిప్ ఆగే సైకిళ్లు) తగులుతాయి. ఇంటరప్ట్ ఫంక్షన్‌ను ర్యామ్‌లోకి ఎక్కించి మళ్లీ కొలవండి, చాలామందికి టైము సమస్య ఇక్కడే తీరిపోతుంది.

చివరగా మోటారు కలపకుండా, ఫ్రీక్వెన్సీని 5 హెర్ట్జ్ నుంచి 50 దాకా నెమ్మదిగా పెంచుతూ ఫిల్టర్ తర్వాత వేవ్ చూడండి. స్కోప్ ట్రిగ్గర్‌ను శిఖరం దగ్గర పెట్టి, పర్సిస్టెన్స్ ఆన్ చేస్తే ఒక్కసారి వచ్చిపోయే సూది కూడా తెర మీద మిగిలిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే తప్పకుండా అడగండి. అడిగేటప్పుడు చిప్ నంబరు, ఇన్‌పుట్ హద్దులు, కోఎఫిషియంట్లు పూర్తి అంకెలతో, గరిష్ఠ తేడా ఏ ఇన్‌పుట్ దగ్గర వచ్చిందో రాయండి. స్క్రీన్ ఫొటో ఒక్కటే పంపితే కారణం పట్టుకోవడం కష్టం.